మొదటి నవల పూర్తయింది, ఇక అచ్చేయించుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్లు కష్టపడి మొదటి నవల పూర్తి చేశారు. ఇద్దరు పబ్లిషర్లకి పంపారు. ఒకరి నుంచి ఉలుకూ పలుకూ లేదు, ఇంకొకరు "మా జాబితాకి సరిపోదు" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. మూడో సంస్థ మాత్రం నవల అద్భుతంగా ఉందని, ఖర్చు మీరు భరిస్తే రెండు నెలల్లో పుస్తకం చేతిలో పెడతామని అంటోంది. డబ్బు కట్టాలా, సొంతంగా వేసుకోవాలా, తిరగరాయాలా, లేక దీన్ని పక్కన పడేసి రెండోది మొదలుపెట్టాలా అని అడిగారు. మొదటి పుస్తకం వేసినవాళ్ల అనుభవం ఎలా ఉంటుందో కూడా చెప్పమన్నారు.

సూటిగా చెప్పాలంటే: డబ్బు కట్టకండి. ప్రస్తుతానికి ఇంకెవరికీ పంపకండి కూడా. కొన్ని వారాలు నవలని ముట్టుకోకుండా ఉంచి, తర్వాత మొదటి పేజీ నుంచి మళ్లీ రాయండి. సొంతంగా వేసుకోవడం తప్పేమీ కాదు. కానీ ఆ నిర్ణయం తిరగరాత అయ్యాక తీసుకోవాల్సింది.

నేను నవలలు రాస్తాను. అంతకంటే ఎక్కువ కాలం నుంచి, ఇతరుల మొదటి నవలల్ని అచ్చుకి ముందు చదివి అభిప్రాయం రాసే పని, కొన్నిసార్లు రచయితతో కూర్చుని సరిచేసే పని చేస్తున్నాను. కాబట్టి నా మాటల్లో ఎడిటర్ల పక్షపాతం కొంత ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకునే చదవండి.

మీ నవల చదవకుండానే తిరగరాయమని ఎలా అంటున్నానంటే, మీ ప్రశ్నలో రాయడానికి పట్టిన కాలం ఉంది, ఎన్నిసార్లు మార్చారన్న మాట మాత్రం ఎక్కడా లేదు. మొదటి నవలకి మూడేళ్లు పట్టినప్పుడు ఒక చిక్కు వస్తుంది. మొదటి అధ్యాయం రాసేటప్పుడు మీకు నవల రాయడం రాదు, చివరి అధ్యాయానికి వచ్చేసరికి కొంత వచ్చేసి ఉంటుంది. మధ్యలో ఎక్కడో చేయి తిరుగుతుంది, పాత్రలు తమంతట తాము మాట్లాడటం మొదలుపెడతాయి. కానీ పబ్లిషర్ దగ్గర చదివేవాళ్లు ముందు చూసేది తొలి ముప్పై, నలభై పేజీలే. అంటే మీకు అసలు పని రానప్పుడు రాసిన పేజీల్ని చూసి మీ గురించి ఒక నిర్ణయానికి వస్తున్నారు. నా వరకు వచ్చిన మొదటి నవలల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి. నూటయాభయ్యో పేజీ నుంచి బాగుంటాయి, అక్కడిదాకా చదవడానికే ఓపిక ఉండాలి.

ఇది మనలాంటివాళ్లకి మాత్రమే వచ్చే కష్టం కాదు. హార్పర్ లీ 1957లో లిపిన్‌కాట్ సంస్థకి ఇచ్చిన రాతప్రతికీ, 1960లో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'గా వచ్చిన పుస్తకానికీ చాలా తేడా ఉంది. మొదటి రాతలో కథానాయిక పెద్దది, ఊరికి తిరిగొస్తుంది, చిన్ననాటి సంగతులు గుర్తుచేసుకుంటుంది. టే హోహాఫ్ అనే ఎడిటర్‌కి ఆ చిన్ననాటి భాగాలే ప్రాణమున్నవిగా తోచాయి. కథని అక్కడికి మార్చి రాయమన్నారు. రెండేళ్లకి పైగా తిరగరాత సాగింది. ఆ పాత రాతప్రతి 2015లో విడిగా అచ్చయింది కాబట్టి, ఇప్పుడు ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. తిరగరాత అంటే వాక్యాలు సాపు చేయడం అనుకునేవాళ్లు ఒక్కసారి ఆ పని చేస్తే చాలు. అక్కడ మారింది వాక్యాలు కాదు, కథ ఎవరి కళ్లతో ఎప్పుడు చూడాలన్నదే మారింది.

విలియం గోల్డింగ్ అచ్చయిన మొదటి నవల సంగతీ అంతే. చాలామంది పబ్లిషర్లు కాదన్నాక ఫేబర్ సంస్థకి చేరింది. అక్కడ కూడా మొదట చదివినవాళ్లు చెత్త అని పక్కన పడేశారు. కొత్తగా చేరిన చార్లెస్ మాంటీత్ అనే ఎడిటర్ దాన్ని మళ్లీ తీసి చదివారు. పిల్లలు దీవికి చేరకముందు జరిగే అణుయుద్ధం భాగం తీసేయమన్నారు. గోల్డింగ్ తీసేశారు. 1954లో 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' వచ్చింది. ఈ కథని అందరూ "ఎంతమంది కాదన్నా పట్టు వదలకు" అని చెప్పడానికి వాడుకుంటారు. నాకు మాత్రం ఇందులో రెండో సగమే ముఖ్యంగా కనిపిస్తుంది. కాదన్నవాళ్లందరూ మూర్ఖులు కారు. వాళ్లు చదివింది మనం చదివిన పుస్తకం కాదు.

మొదటి నవలల్లో నాకు మళ్లీ మళ్లీ కనిపించేవి

ఒకటి, కథ ఆలస్యంగా మొదలవడం. రచయిత ముందు ఊరు చూపిస్తాడు, వంశం చెబుతాడు, హీరో బాల్యం చెబుతాడు, ఆ తర్వాత ఒక సంఘటన జరుగుతుంది. ఈ మధ్య ఒకరి రాతప్రతిలో మొదటి నాలుగు అధ్యాయాలు తీసేసి ఐదో అధ్యాయం నుంచి చదవమని ఇద్దరికి ఇచ్చాం. ఏదో పోయిందని వాళ్లకి అనిపించనే లేదు. తీసేసిన దాంట్లో నిజంగా కావాల్సింది మూడు పేరాలు. అవి తర్వాత వేరే చోట్ల అతికాయి. రచయితకి మాత్రం కొన్ని రోజులు నిద్రపట్టలేదట. ఆ నాలుగు అధ్యాయాలు వృథా కాలేదని ఆయనకి చెప్పాను, మీకూ చెబుతున్నాను. ఆ మనుషులెవరో తెలుసుకోవడానికి ఆయన వాటిని రాయాల్సిందే. పాఠకుడు చదవాల్సిన అవసరం లేదు, అంతే.

రెండు, "ఇది నిజంగా జరిగింది" అన్న వాదన. మొదటి నవలలో సొంత జీవితం ఉండకుండా పోదు, ఉండాలి కూడా. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒక సన్నివేశం నమ్మేలా లేదని చెప్పినప్పుడు రచయిత "లేదండీ, మా ఇంట్లో అచ్చంగా ఇలాగే జరిగింది" అంటారు. జరిగి ఉండొచ్చు. జీవితానికి కారణాలు చూపించాల్సిన పని లేదు, నవలకి ఉంది. ఒక రచయిత్రి తన నవలలో మేనత్త పాత్రని ఎంతకీ వదల్లేకపోయారు. ఆ పాత్ర కథలో ఏ పనీ చేయదు, కానీ ఆవిడ నిజంగా ఉన్న మనిషి, రచయిత్రికి ఇష్టమైన మనిషి. చివరికి మేనత్త చేసే పనులన్నీ అప్పటికే కథలో ఉన్న ఇంటి ఓనరమ్మకి అప్పగించారు. నవల బిగిసింది. మేనత్త మీద విడిగా ఒక కథ రాసుకున్నారు. ఆ కథ నవల కంటే ముందే అచ్చయింది కూడా.

మూడు, అందరూ రచయితలాగే మాట్లాడటం. ఇది పట్టుకోవడం తేలిక. సంభాషణల్లోంచి "అన్నాడు, అంది" తీసేసి గట్టిగా చదవండి. ఎవరు మాట్లాడుతున్నారో మీకే తెలియకపోతే పాఠకుడికి అస్సలు తెలియదు.

నాలుగోది ముగింపు తొందర. అలసిపోయి ముగించడం. మూడొందల పేజీలు నింపాదిగా నడిచిన కథ చివరి పదిహేను పేజీల్లో ఒక చావు, ఒక పెళ్లి, ఒక ఉత్తరంతో ముగిసిపోతుంది. మీ చివరి అధ్యాయం ఎన్ని రోజుల్లో రాశారో గుర్తు తెచ్చుకోండి. మిగతా అధ్యాయాలకి పట్టిన కాలంలో సగం కూడా పట్టకపోతే అనుమానించండి.

మరి తిరగరాయడం ఎలా?

కంప్యూటర్‌లో పాత ఫైల్ తెరిచి అక్కడక్కడ దిద్దకండి. అలా చేస్తే కామాలు మారతాయి, కథ మారదు. ముందు మొత్తం ప్రింటు తీసుకుని, పెన్ను పట్టుకోకుండా ఒకటి రెండు రోజుల్లో చదివేయండి. తర్వాత ఒక కాగితం మీద ఒక్కో అధ్యాయానికి ఒకే వాక్యం రాయండి: ఈ అధ్యాయానికి ముందు ఎలా ఉంది, తర్వాత ఏం మారింది. ఏమీ మారని అధ్యాయాలు అక్కడే బయటపడతాయి. మామూలుగా మధ్యలో వరసగా ఉంటాయి. వాటిని కలపాలో, తీసేయాలో ఆ కాగితం చూస్తేనే తెలుస్తుంది. ఆ తర్వాత ఖాళీ ఫైల్ తెరిచి, ప్రింటు పక్కన పెట్టుకుని మొదటి నుంచి టైప్ చేయండి. చాకిరీలా అనిపిస్తుంది, నిజమే. కానీ మళ్లీ వేళ్లతో కొట్టాల్సి వచ్చినప్పుడు అనవసరమైన పేరాని కొట్టబుద్ధి కాదు. అదే కావాల్సింది.

చదివి చెప్పేవాళ్లు ఇద్దరు ముగ్గురు చాలు. ఇంట్లోవాళ్లు వద్దు. వాళ్లు పుస్తకంలో తమని వెతుక్కుంటారు, లేదా మిమ్మల్ని నొప్పించకూడదని చూస్తారు. చదివినవాళ్లని "ఎలా ఉంది?" అని అడక్కండి, "బాగుంది" అనే జవాబే వస్తుంది. "ఎక్కడ ఆపి పక్కన పెట్టారు? ఎవరి పేరు ఎవరిదో ఎక్కడ తికమక పడ్డారు? ఏ పేజీలు తిప్పేశారు?" అని అడగండి. ఇద్దరు ఒకే చోట ఆగిపోతే అక్కడ ఏదో ఉంది. ఏం చేయాలో వాళ్లు చెప్పే సలహా తప్పు కావొచ్చు, చోటు మాత్రం తప్పు కాదు.

జవాబు రాకపోవడం గురించి

ఇద్దరికే పంపారు. అది చాలా తక్కువ. డగ్లస్ స్టువర్ట్ పదేళ్ల పాటు రాసిన మొదటి నవలని 30 మందికి పైగా పబ్లిషర్లు కాదన్నారు. 2020లో దానికే బుకర్ ప్రైజ్ వచ్చింది. అయితే ఇలాంటి ఉదాహరణలు ఒక హద్దు వరకే పనికొస్తాయి. 30 మంది కాదన్నా అచ్చుకాని నవలల గురించి ఎవరూ వ్యాసాలు రాయరు కదా. మీరు తెలుసుకోవాల్సింది ఇంతే: "మా జాబితాకి సరిపోదు" అనేది చాలాసార్లు మర్యాదకి అన్న మాట కాదు, అక్షరాలా నిజం. ఆ ఏడాది వాళ్లు వేసే పుస్తకాలు అప్పటికే ఖాయమై ఉంటాయి, లేదా అలాంటి ఇతివృత్తంతో ఇంకోటి చేతిలో ఉంటుంది. కారణం రాయని తిరస్కారం నుంచి ఏదో అర్థం లాగే ప్రయత్నం చేయకండి. కారణం రాసి పంపితే మాత్రం దాచుకోండి. పని తీరుబాటు లేని మనిషి మీ కోసం అరగంట పెట్టి రాశాడంటే అది తిరస్కారంలో సగమే.

ఈసారి పంపేటప్పుడు, ఆ సంస్థ ఈ మధ్య వేసిన నవలలు రెండైనా చదివి పంపండి. కవరింగ్ లెటర్ ఒక పేజీ దాటొద్దు. కథ ఏమిటో, ఎంత పొడవో, మీరెవరో చెబితే చాలు. "మా స్నేహితులందరికీ నచ్చింది" అన్న వాక్యం దయచేసి రాయకండి.

డబ్బు కట్టి వేయించుకోవడం

ఇక మూడో సంస్థ. మామూలు పబ్లిషర్ పుస్తకం అమ్మి డబ్బు సంపాదిస్తాడు. ఎడిటింగ్, కవర్, అచ్చు, పంపిణీ ఖర్చులు తనవే. రచయితకి రాయల్టీ, అంటే అమ్మకాల్లో వాటా ఇస్తాడు, కొన్నిచోట్ల దాని మీద అడ్వాన్స్ కూడా. రచయిత దగ్గర డబ్బు తీసుకునే సంస్థకి మీరు కట్టిన రోజే లాభం వచ్చేసింది. ఆ తర్వాత పుస్తకం అమ్ముడుపోయినా పోకపోయినా దానికి పెద్ద తేడా లేదు. అందుకే అక్కడ ప్రతి నవలా అద్భుతంగానే ఉంటుంది. మీ నవల గురించి వాళ్లు రాసిన ఉత్తరం మళ్లీ చదవండి. అందులో ఒక్క పాత్ర పేరైనా ఉందా? లేకపోతే వాళ్లు చదవలేదు.

ఖర్చు పెట్టుకోవడమే నేరమని అనడం లేదు. పెట్టుకుంటే తెలిసి పెట్టుకోండి. సొంత ప్రచురణ అంటే పబ్లిషర్ మీరే అని అర్థం. మంచి ఎడిటర్‌కి విడిగా డబ్బిస్తారు, కవర్ వేసేవారికి విడిగా ఇస్తారు, ప్రూఫులు దిద్దేవారికి విడిగా ఇస్తారు, ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్య మీ పేరు మీద తీసుకుంటారు (2007 నుంచి అది 13 అంకెలు, ఈ-బుక్‌కీ అచ్చు పుస్తకానికీ వేర్వేరుగా ఉండాలి). హక్కులన్నీ మీ దగ్గరే ఉంటాయి. ప్రింట్ ఆన్ డిమాండ్ (ఆర్డర్ వచ్చినప్పుడే కాపీ అచ్చేసే పద్ధతి) వచ్చాక వందలకొద్దీ కాపీలు ముందే వేయించి ఇంట్లో అట్టపెట్టెల్లో పేర్చుకోవాల్సిన అవసరమూ లేదు. అదే మొత్తాన్ని ఒకే సంస్థకి కట్టి, హక్కులు కూడా వాళ్లకి రాసిస్తే, పబ్లిషర్ పెట్టాల్సిన ఖర్చు మీరు పెడతారు, చేతిలో మాత్రం పబ్లిషర్‌కుండే హక్కులేవీ ఉండవు. రెండు వైపులా నష్టమే.

సొంతంగా వేసుకుని గెలిచినవాళ్లలో అందరూ చెప్పేది ఆండీ వీర్ గురించి. 'ది మార్షన్'ని ఆయన తన వెబ్‌సైట్‌లో అధ్యాయాలుగా ఉచితంగా పెట్టారు. పాఠకులు అడిగితే 2011లో కిండిల్‌లో వేశారు. 2014లో క్రౌన్ సంస్థ అచ్చు పుస్తకంగా తెచ్చింది. ఇందులో జనం వదిలేసే సంగతి ఒకటుంది: ఆయన అప్పటికి ఏళ్లుగా ఇంటర్నెట్‌లో రాస్తున్నారు, చదివేవాళ్లు ముందే ఉన్నారు, సైన్స్ తప్పులుంటే వాళ్లే దిద్దారు. అంటే అచ్చుకి ముందు జరగాల్సిన చదువూ దిద్దుబాటూ అక్కడ బహిరంగంగా జరిగిపోయాయి.

ఎవరితో సంతకం పెట్టినా ఒప్పందంలో ఇవి చూడండి. హక్కులు పూర్తిగా రాసిస్తున్నారా, కొంతకాలానికి అనుమతి ఇస్తున్నారా? రెండోదే అడగండి. అనువాదం, ఆడియో, సినిమా హక్కులు ఒకే వాక్యంలో కలిపి తీసేసుకుంటున్నారా? రాయల్టీ పుస్తకం మీద అచ్చయిన ధర మీద లెక్కేస్తారా, సంస్థకి చేతికొచ్చిన డబ్బు మీదా? శాతం ఒకటే కనిపించినా ఈ రెండింటి మధ్య తేడా చాలా ఉంటుంది. పుస్తకం అమ్మకంలో లేనప్పుడు హక్కులు మీకు తిరిగి రావాలని రాసి ఉందా? ప్రింట్ ఆన్ డిమాండ్‌లో పుస్తకం ఎప్పటికీ "అందుబాటులో ఉన్నట్టే" లెక్క. కాబట్టి ఏడాదికి ఇన్ని కాపీల కంటే తక్కువ అమ్మితే హక్కులు వెనక్కి అని అంకెతో రాయించుకోవడం మంచిది.

కథ ఎవరైనా దొంగిలిస్తారేమోనని కొందరు పంపడానికే భయపడతారు. కాపీరైట్ గురించి దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒడంబడికలో ఉన్న దేశాల్లో రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయితే దానివల్ల రక్షణ దొరికేది మీరు రాసిన రూపానికి, ఆలోచనకి కాదు. తేదీలతో డ్రాఫ్టులు, పంపిన మెయిళ్లు దాచుకోండి, చాలు. కొత్త రచయితకి దొంగల కంటే పట్టించుకోనివాళ్ల బెడదే ఎక్కువ.

అచ్చయ్యాక ఎలా ఉంటుంది?

దీని గురించి ఎవరూ ముందే చెప్పరు. ఒక పబ్లిషర్ ఒప్పుకున్నాక పుస్తకం బయటికి రావడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. ఈలోపు ఎడిటర్ గుర్తులు, కాపీ ఎడిటింగ్, ప్రూఫులు. ప్రూఫుల దశకి వచ్చేసరికి మీ నవలంటే మీకే విసుగు పుడుతుంది. ప్రతి వాక్యం చప్పగా అనిపిస్తుంది. అక్కడ భయపడి పేరాలకి పేరాలు మార్చేయకండి. అచ్చుతప్పులు, పేర్లు, తేదీలు, వయసుల లెక్కలు మాత్రం చూడండి. పదో అధ్యాయంలో పాతికేళ్లున్న అమ్మాయికి ఇరవయ్యో అధ్యాయంలో ఇరవై మూడేళ్లు ఉండటం నేను కళ్లారా చూశాను.

పుస్తకం చేతికొచ్చిన రోజు సంతోషంగా ఉంటుంది, సందేహం లేదు. ఆ తర్వాత వచ్చేది నిశ్శబ్దం. మీరు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు, లోకం దాని పనిలో అది ఉంటుంది. తెలిసినవాళ్లు "పుస్తకం వేశావటగా!" అంటారు. చదివామని చెప్పేవాళ్లు చాలా తక్కువ. చదివిన బంధువుల్లో ఒకరు "ఆ మామయ్య పాత్ర మా ఆయనేగా?" అని అడుగుతారు, కాదంటే నమ్మరు. రాకూడనివాళ్లకి కోపం వస్తుంది, తనని పెట్టలేదని ఇంకొకరు అలుగుతారు. మొదటి సమీక్ష చూసేదాకా టెన్షన్, చూశాక అందులో ఉన్న ఒక్క విమర్శ వాక్యమే గుర్తుంటుంది. ఎవరో పరిచయం లేని పాఠకుడు, మీరు అంతగా పట్టించుకోకుండా రాసిన ఒక చిన్న సన్నివేశం గురించి నెలల తర్వాత రాస్తాడు. అలాంటి ఉత్తరం కోసం ఎదురుచూడటం మాత్రం మొదలుపెట్టకండి, పని ఆగిపోతుంది.

ఈ నిశ్శబ్దాన్ని కాస్త తేలిగ్గా దాటినవాళ్లందరిలో నేను గమనించింది ఒకటే: అప్పటికే వాళ్ల చేతిలో రెండో నవల సగంలో ఉంది. మీరు అడిగిన "పక్కన పడేసి రెండోది మొదలుపెట్టాలా" అన్నదానికి నా జవాబు ఇది: మొదలుపెట్టండి, కానీ మొదటిదాన్ని పడేయకండి. దాన్ని పక్కన ఉంచిన వారాల్లో రెండోదానికి నోట్సు, పాత్రలు, మొదటి సన్నివేశం రాసుకోండి. స్టీఫెన్ కింగ్ అచ్చయిన మొదటి నవల 1974లో వచ్చిన 'క్యారీ'. నిజానికి ఆయన రాసినవాటిలో అది నాలుగోది. దాని తొలి పేజీల్ని కూడా చెత్తబుట్టలో వేస్తే భార్య టాబితా తీసి, పూర్తి చేయమన్నారు. ఒకవేళ మీ మొదటి నవల తిరగరాశాక కూడా నిలబడకపోతే, అది మీకు రాయడం నేర్పిన పుస్తకం అవుతుంది. మొదట అచ్చయ్యేది రెండోది కావొచ్చు. అది నామోషీ ఏమీ కాదు.

ఆ మూడో సంస్థకి మాత్రం ఇప్పుడే ఏ సంతకమూ పెట్టకండి. "తిరగరాస్తున్నాను, పూర్తయ్యాక చెబుతాను" అని మర్యాదగా ఒక లైను రాసి వదిలేయండి. "ఈ వారంలోపు కడితే తగ్గింపు" అని జవాబొస్తే ఎవరితో వ్యవహరిస్తున్నారో అర్థమైపోతుంది. ఇప్పటికే ఒప్పందం కాగితం పంపి ఉంటే, పేర్లన్నీ చెరిపేసి హక్కుల పేరా, రాయల్టీ పేరా కింద పెట్టండి. చదివి నాకు తోచింది చెబుతాను. మీ నవల మొదటి పేజీ కూడా పెడితే ఇంకా మంచిది.